మేడ మీది పెద్దోళ్లు

పోయిన నెల శృంగవరపుకోట సంతలో కంద దుంపలు ఏరుకుంటున్నాను. నా పక్కనే ఇద్దరు కుర్రాళ్లు బెండకాయలు బేరమాడుతున్నారు. తెల్ల చొక్కాలు, మెడలో టైలు, జేబు మీద నల్ల బిళ్ల. "ఏటి బాబూ, పెల్లికొడుకుల్లాగ తయారై బెండకాయలకొచ్చినారేటి?" అని కాయలమ్మే ఆవిడ నవ్వింది. చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు. నేను మాత్రం ఏరిన దుంప చేతిలో అలాగే పట్టుకుని వాళ్లనే చూశాను. ఆ బిళ్లలు చూసి చాలా ఏళ్లయింది.

నా చిన్నప్పుడు మా ఇల్లు విజయనగరంలో, కోట వైపు వెళ్లే పెద్ద రోడ్డు మీద ఉండేది. ముందు నాన్న కిరాణా కొట్టు, వెనక మా వాటా, పైన మేడ. ఎండుమిర్చి ఘాటు, బెల్లం తీపి, గోనెసంచుల మట్టివాసన కలిసిపోయి మా బట్టలకీ పుస్తకాలకీ పట్టేసేవి. బళ్లో నా పక్కన కూర్చున్న పిల్లలు నన్ను "కొట్టు వాసన" అని ఏడిపించేవాళ్లు.

మేడకి మెట్లు ఇంటి పక్కనున్న పెరట్లోంచి. మెట్లెక్కగానే రోడ్డు వైపు చిన్న వసారా. ఏడాదంతా అక్కడ వడియాలు ఎండేవి గానీ, ఒక్క రోజు మాత్రం ఆ వసారా కోసం చుట్టాలంతా కొట్టుకునేవాళ్లు. అమ్మవారి జాతరనాడు సిరిమాను మా ఇంటి ముందు నుంచే వెళుతుంది. పొడవాటి చింతమాను కొసన పూజారి కూర్చుని గాల్లో ఊగుతూ వస్తాడు. ఆ పూట ఆయనే అమ్మవారు. కిందనుంచి జనం అరటిపళ్లు విసిరి మొక్కుకుంటారు. మా వసారాలో నిలబడితే ఆ తల్లి మన కళ్లకి ఎదురుగా వెళ్లినట్టు ఉంటుంది. తాత పుట్టి బుద్ధెరిగాక ఆ జాతర ఒక్కసారీ తప్పలేదు.

ఓ ఏడాది వేసవిలో తాతకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి. మాట ముద్దయిపోయింది. కొట్టు గల్లాపెట్టె దగ్గర కూర్చుని బజారంతటినీ కేకలేసిన మనిషి, నడవాలో నులకమంచం మీద గోడ వైపు తిరిగి పడుకునేవాడు. ఎవరొచ్చినా తల తిప్పేవాడు కాదు.

మేడ అద్దెకి ఆ ఇద్దరూ వచ్చింది అప్పుడే. ఒకాయన అమెరికా నుంచి. ద్వారబంధానికి తల తగిలేటంత పొడుగు, ఎండకి టమాటాలా కందిపోయిన ముఖం. రెండో ఆయన గోదావరి జిల్లావాడు, పొట్టి, నలుపు, నోట్లోంచి 'అండి' లేకుండా మాట రాదు. మోర్మన్లని క్రైస్తవుల్లో ఒక శాఖట. వాళ్లల్లో కుర్రాళ్లు ఇల్లూ వాకిలీ వదిలి, పంపిన చోటికల్లా వెళ్లి, రెండేళ్లు తమ దేవుడి మాట చెప్పి వస్తారట. ఇద్దరికీ ఇరవై ఏళ్లు నిండాయో లేదో.

నాన్నమ్మ వాళ్ల జేబు మీది బిళ్ల చూపించి అడిగింది. "ఎల్డరని రాసున్నాదంట. ఏటది?"

"పెద్దవాడు అనండి," అన్నాడు గోదావరి కుర్రాడు.

నాన్నమ్మ ఇద్దర్నీ కాళ్ల నుంచి తల దాకా చూసింది. "మూతి మీద మీసం మొలవనేదు, పెద్దోళ్లేటి! మీ కాడ గుంటల్నేటంటారు మరి?"

ఆ రోజు నుంచి తెల్లాయన మా ఇంట్లో పెద్దోడు, రెండో ఆయన గోదారోడు.

మొదటి రోజే పెద్ద తప్పు జరిగిపోయింది. అమ్మ టీ ఇస్తే ఇద్దరూ వద్దన్నారు. వాళ్ల మతంలో టీ, కాఫీ ముట్టరట. "ఇంటికొచ్చి టీ వొద్దంటే మనుషుల్ని వొద్దన్నట్టు కాదేటి?" అని నాన్నమ్మ కొన్నాళ్లు మాట్లాడలేదు. ఓ పొద్దున పెద్దోడు నీళ్ల కోసం దిగితే, సోడి అంబలి, అంటే రాగి జావ, నిండా ఉన్న గిన్నె అతని ముందు ఠపీమని పెట్టింది. "ఇది టీ కాదు, కాఫీ కాదు. దీనికేటి సాకు సెప్తావో సెప్పు." అతను గుటగుటా తాగేసి, ఉల్లిపాయ ముక్క కూడా నమిలి, "ఇంకా కలదా?" అన్నాడు. ఆ 'కలదా'కి నాన్నమ్మ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది.

వాళ్లకి ఇంకో నియమం ఉండేది. మగవాళ్లు లేని ఇంట్లో అడుగు పెట్టకూడదు. నాన్న కొట్లో ఉండగా అమ్మ ఏదైనా పెడదామని పిలిస్తే గడప అవతలే నిలబడేవాళ్లు. "లోపల మగవాళ్లెవరూ లేరు కదండీ," అన్నాడు ఓసారి గోదారోడు.

నాన్నమ్మకి కోపం వచ్చింది. "తాతున్నాడు కదేటి! ఆయన మగోడు కాదా?"

ఇద్దరూ నడవాలోకి తొంగి చూశారు. పెద్దోడు గబగబా బూట్లు విప్పి, లోపలికొచ్చి, మంచం ముందు వంగి రెండు చేతులూ జోడించాడు. "క్షమించండి. మీరు ఉన్నారు." తాత గోడ వైపు నుంచి మెల్లగా ఇటు తిరిగాడు. జబ్బు పడ్డాక ఆయన్ని ఆ ఇంటి మగవాడిగా లెక్కపెట్టిన మొదటి మనిషి ఆ పరాయి కుర్రాడే.

అప్పట్నుంచి మధ్యాహ్నాలు వాళ్లు తాత దగ్గరకొచ్చేవాళ్లు. ఆస్పత్రిలో చెప్పినట్టు రబ్బరు బంతి తాత కుడి చేతిలో పెట్టి, వేళ్లు ఒక్కొక్కటే ముడిచి విప్పేవాళ్లు. మంచం మీంచి కుర్చీలోకి ఎలా లేపాలో ఇద్దరూ నేర్చుకున్నారు. తాతకి ఉన్న మాటలు పోయాయి, పెద్దోడికి ఇంకా మాటలు రాలేదు. అందుకేనేమో ఇద్దరికీ బాగా కుదిరింది. తాత ఎడం చేత్తో ఏదో ఒకటి చూపించేవాడు. పెద్దోడు దాని పేరు అడిగేవాడు. తాత ముఖమంతా వంకర పోతూ, చెమట్లు పడుతూ, ఆ పేరు బయటికి లాగేవాడు.

"సెం... సెంబు."

"సెంబు," అనేవాడు పెద్దోడు.

"చెంబు అనాలండి," అని గోదారోడు దిద్దాడు.

తాత అతని వంక ఉరిమి చూసి, "సెంబు!" అన్నాడు. ముద్దగా కాదు, గట్టిగా, విడిగా. వంటింట్లోంచి అమ్మ పరిగెత్తుకొచ్చింది.

నేనూ అతనికి కొంచెం తెలుగు నేర్పాను. పొద్దున్నే పెద్దవాళ్లు ఎదురైతే "నీ మొకం మండ" అనాలని చెప్పాను. మర్నాడు అతను నాన్నమ్మకి దండం పెట్టి మరీ అన్నాడు. నాన్నమ్మ చీపురుతో నన్ను పెరడంతా తరిమింది. మంచం మీద తాత నవ్వి నవ్వి పొలమారిపోయాడు.

మతం మాట మా ఇంట్లో ఒక్కసారే వచ్చింది. వాళ్లు నాన్నకి నీలం అట్ట పుస్తకం ఇవ్వబోతే, "మా తల్లి మాకున్నాది బాబూ. మీరు మంచోళ్లు, అద్దెకుండండి, అంతే," అన్నాడు నాన్న. వాళ్లు బుద్ధిగా తలూపి మళ్లీ ఎత్తలేదు. కానీ మా వీధి అలా అనుకోలేదు. కొట్టుకొచ్చినవాళ్లు సరుకు కట్టించుకుంటూనే మేడ వైపు కళ్లెత్తేవాళ్లు. కొందరు ఎదుటి కొట్టుకి మారిపోయారు.

అందరికంటే ఎక్కువ రగిలిపోయింది మా మావ. అమ్మకి తమ్ముడు. చిన్నప్పుడే తండ్రి పోతే తాతే అతన్ని నరసన్నపేట నుంచి తీసుకొచ్చి, మా ఇంట్లో ఉంచి చదివించాడు. అప్పటికి మోటార్లు బాగుచేసే షాపు పెట్టుకున్నాడు. జాతర పనుల్లో వీధి కుర్రాళ్లందరికీ అతనే ముందు. నాకు మావంటే ప్రాణం. సాయంత్రం నూనె మరకల కాగితంలో వేడి పకోడీ తెచ్చి, "ఓలే గుంటా, మీ అమ్మకి సెప్పకు," అనేవాడు. వాళ్లిద్దరూ మేడ ఎక్కాక మావ ఇంట్లో కూర్చోవడం మానేశాడు. పకోడీ గుమ్మంలోంచే ఇచ్చి వెళ్లిపోయేవాడు.

దసరా ముందు ఓ మధ్యాహ్నం తాత పక్క తడిసిపోయింది. నాన్నమ్మ దుప్పటి పెరట్లోకి పట్టుకెళ్లింది. నేను గుమ్మం దగ్గర చింతపిక్కలు ఆడుకుంటున్నాను. వాళ్లిద్దరూ వచ్చేసరికి తాత ఏడుస్తున్నాడు. చప్పుడు లేదు, నోరు ఒక పక్కకి లాగుకుపోయి కన్నీళ్లు చెవిలోకి కారుతున్నాయి. పెద్దోడు పక్కన కూర్చున్నాడు. తాత ఎడం చేత్తో అతని చెయ్యి పట్టుకుని తన తల మీద పెట్టుకున్నాడు. పెద్దోడు బిత్తరపోయి గోదారోడి వంక చూశాడు. తర్వాత ఇద్దరూ కళ్లు మూసుకున్నారు. పెద్దోడు ఇంగ్లీషులో మెల్లగా ఏదో అన్నాడు.

సరిగ్గా అప్పుడే పాలామె గుమ్మంలో నిలబడి ఉంది.

పొద్దు గూకకుండానే వీధంతా పాకింది. ముసలాయన్ని మతంలో కలిపేశారని, నెత్తిన నీళ్లు పోశారని. మావ వచ్చి నడవా మధ్యలో నిలబడ్డాడు.

"ఓలే, నువ్వక్కడే ఉన్నావంట. ఆడు మీ తాత తల మీద సెయ్యెట్టినాడా లేదా?"

అమ్మ నా భుజం నొక్కింది. చెప్పొద్దనో చెప్పమనో నాకు అర్థం కాలేదు.

"ఎట్టినాడు. తాతే ఎట్టించుకున్నాడు," అన్నాను.

"విన్నావా బావా?" మావ నాన్న మీదికి తిరిగాడు. "మాట పడిపోయినోడి తల మీద సెయ్యెట్టి మంత్రాలు సదివితే నువ్వు కొట్లో పప్పులమ్ముతన్నావు!"

"నోరు మూసుకో. ఈ ఇంట్లో ఎవడూ ఏటీ మారనేదు," అన్నాడు నాన్న. కానీ గొంతులో బలం లేదు.

మావ మంచం దగ్గరికి వెళ్లాడు. "మావయ్యా, నువ్వు సెప్పు. నువ్వే ఎట్టించుకున్నావా?"

తాత చెప్పాలని చూశాడు. మెడ నరాలు ఉబ్బాయి, పెదవి వణికింది, చొంగ కారింది. "అ... అ..." తప్ప మాట రాలేదు. మావ చూడలేక ముఖం తిప్పేసుకున్నాడు. అతని కళ్లలో నీళ్లు నేను చూశాను.

"అమ్మవారు ఎల్లే దారిలో, ఆ తల్లికి ఎదురుగా ఆళ్లు నిలబడితే నానూరుకోను. జాతరకి ముందు మేడ కాళీ సేయించు. నేకపోతే ఈ గడప ఇంక తొక్కను."

తర్వాత రోజులు చాలా బరువుగా గడిచాయి. ఓ పొద్దున వాళ్ల సైకిళ్ల టైర్లు కోసేసి ఉన్నాయి. ఇంకో రోజు మేడ కిటికీ అద్దం పగిలింది. మావ చేయించాడో లేదో మాకు తెలీదు, అడిగే ధైర్యం అమ్మకి లేదు. చివరికి నాన్న మెట్ల దగ్గర నిలబడి, జాతర రోజుకి ఎక్కడికైనా వెళ్లమని వాళ్లని అడిగాడు. మాట సగంలోనే గోదారోడు అందుకున్నాడు. "మీకు ఇబ్బంది వద్దండి. విశాఖపట్నంలో మావాళ్లున్నారు. పొద్దున్నే వెళ్లిపోతామండి."

జాతరనాడు పొద్దున్నే వాళ్లు సంచులు భుజాన వేసుకుని బయల్దేరారు. అప్పటికే ఊరు నిండిపోయింది. పల్లెల నుంచి ముందురోజే వచ్చిన జనం రోడ్డు పక్కలే వండుకుని పడుకున్నారు. ఆటోలు లేవు, బస్సులు ఊరి బయటే ఆపేశారు. కాసేపటికి ఇద్దరూ తిరిగొచ్చారు. పెద్దోడి చొక్కా జేబు చిరిగి వేలాడుతోంది. జనంలో ఎవరో గుర్తుపట్టి నెట్టారట. నేరుగా మేడెక్కి తలుపులు వేసుకున్నారు. అమ్మ దేవుడి గదిలోకి వెళ్లి దీపం ముందు కూర్చుంది.

మధ్యాహ్నం నాన్నమ్మ తాతకి స్నానం చేయించి, జరీ అంచు పంచె కట్టింది. తాత ఎడం చెయ్యి పైకెత్తి మేడ చూపించాడు. నాన్నమ్మ తెలియనట్టు దుప్పటి సర్దింది. తాత మళ్లీ చూపించాడు. మళ్లీ, మళ్లీ. చివరికి ఆ చేత్తోనే మంచం కోడుని కొట్టడం మొదలుపెట్టాడు. నాన్న కొట్టు ముందు జనానికి మజ్జిగ పోస్తున్నాడు. ఆ తొక్కిసలాటలో ఆయన్ని పిలవడం మా వల్ల కాలేదు.

నాన్నమ్మ పెరట్లోకి వెళ్లి కేకేసింది. "పెద్దోడా! దిగు. తాత పైకొస్తాడంట."

తలుపు కొంచెం తెరుచుకుంది. "మేం కనిపిస్తే గొడవవుద్దండి మామ్మగారూ," అన్నాడు గోదారోడు.

"గొడవ నాను సూసుకుంటాను. ఆయన్ని మోసీవోల్లు మీరు తప్ప ఎవులున్నారు? బేగి దిగండి."

ఇద్దరూ దిగారు. తాతని పేము కుర్చీలో కూర్చోబెట్టి, పెద్దోడు కింద నుంచీ గోదారోడు పై నుంచీ పట్టుకుని, ఆ ఇరుకు మెట్ల మీద ఒక్కో మెట్టే ఎక్కించారు. నేను తాత చేతికర్ర పట్టుకుని వెనకాలే ఎక్కాను. వసారాలో కుర్చీ దించి, పెద్దోడు నడుం నిటారుగా చేసేసరికి రోడ్డు మీది జనానికి అతని తల కనిపించింది.

కింద ముందు గుసగుస. తర్వాత ఎవరో అరిచారు. "అడుగో, ఆ తెల్లోడు! పైనే ఉన్నాడు!"

ఒక అరటిపండు వచ్చి పెద్దోడి గుండె మీద పగిలింది. అమ్మవారి మీద భక్తితో విసరడానికి తెచ్చుకున్న పండు అది. మరొకటి గోడకి తగిలింది. పెద్దోడు కదల్లేదు. తాత కుర్చీకి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. గోదారోడు నన్ను చేత్తో వెనక్కి నెట్టాడు.

పెరటి తలుపు దడదడలాడింది. కుర్రాళ్లు లోపలికి తోసుకొచ్చారు. ముందు మావ. నేను పిట్టగోడ మీంచి తొంగి చూశాను. నాన్నమ్మ కింది మెట్టు మీద కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది.

"లెగు అత్తా," అన్నాడు మావ.

"లెగను. నా పెనిమిటి పైనున్నాడు. అమ్మవారిని సూస్తాడు. నన్ను తొక్కి ఎల్లండ్రా."

"ఆయన్నెవులూ ఏటీ అనరు. ఆళ్లిద్దర్నీ దింపు, సాలు."

"ఆళ్లు దిగితే ఆయన్ని నువ్వు మోస్తావా? ఇన్నాళ్లూ ఎక్కడున్నావురా? ఆయన సేతి కూడు తిన్నోడివి, ఒక్కనాడైనా ఆ సెయ్యి పట్టుకున్నావా?"

మావ ముఖం మాడిపోయింది. వెనకనుంచి ఎవరో, "ముసల్దానితో మాటలేటి, ఎక్కండి!" అన్నారు. అదే సమయంలో ఒక చెప్పు మా మీదికి ఎగిరొచ్చింది. పెద్దోడిని దాటి తాత ఒళ్లో, ఆ జరీ పంచె మీద పడింది.

"తాత మీద పడింది!" అని అరిచాను. తాత ఆ చెప్పు వంక చూసుకున్నాడు.

"ఎవడ్రా ఇసిరింది?" మావ వెనక్కి తిరిగి అరిచాడు. అంత గొంతు అతనికి ఉందని నాకు తెలీదు. "మావయ్య మీద సెప్పేసింది ఎవడ్రా?" మావ నాన్నమ్మ పక్కనుంచి ఒక్కొక్క అంగకీ రెండు మెట్లు దాటుకుంటూ పైకొచ్చాడు. నేను కళ్లు మూసుకున్నాను. అతను పెద్దోడిని కొడతాడనే అనుకున్నాను.

కళ్లు తెరిచేసరికి మావ తాత ఒళ్లో చెప్పు తీసి అవతల పారేస్తున్నాడు. పెద్దోడు తెలుగులో మెల్లగా అన్నాడు. "మేము ఎల్పోతాం. తాతని సూడనివ్వండి." అచ్చం తాత మాటే, తాత యాసే.

అతను కదలబోయాడు గానీ కదల్లేకపోయాడు. తాత ఎడం చేత్తో అతని చొక్కా అంచు పట్టుకున్నాడు. వేళ్లు తెల్లబడేంత గట్టిగా. తాత మావ వంకే చూస్తూ పెదవులు కూడదీసుకున్నాడు.

"ఉం... ఉండనీ."

దూరంగా డప్పులు వినిపిస్తున్నాయి. జనం హోరు కోట వైపు నుంచి కెరటంలా దగ్గరికొస్తోంది. మావ అటు చూశాడు, తాత చేతి వంక చూశాడు. "కింద కూకోండి ఇద్దరూ. లెగవకండి," అన్నాడు. తనే వెళ్లి మెట్ల పైన కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డాడు. కిందున్న కుర్రాళ్లు అతని వంక చూశారు. "ఎవడైనా పైకొస్తే కాళ్లిరగ్గొడతాను," అన్నాడు.

వాళ్లిద్దరూ కుర్చీకి చెరో పక్కా నేల మీద కూర్చున్నారు. సిరిమాను వచ్చింది. ఆకాశంలో ఊగుతూ, కిర్రుమంటూ, పసుపు బట్టల్లో పూజారి మా ఎదురుగా. చుట్టూ అరటిపళ్లు వానలా ఎగురుతున్నాయి. తాత నమస్కారం పెట్టబోయాడు. ఎడం చెయ్యి లేచింది, కుడిచెయ్యి ఒళ్లోనే ఉండిపోయింది. ఆయన దాని వంక చూసిన చూపు నేను ఇప్పటికీ మర్చిపోలేను.

పెద్దోడు తల వంచుకునే ఉన్నాడు. అమ్మవారి వైపు కన్నెత్తలేదు. అలా నేల వంకే చూస్తూ, తాత కుడిచెయ్యిని రెండు చేతులా ఎత్తి, ఎడం చేతికి ఆనించి పట్టుకున్నాడు. సిరిమాను మా ఇల్లు దాటి గుడి మలుపు తిరిగేదాకా అలాగే పట్టుకున్నాడు. మావ మెట్ల మీంచి తల తిప్పి అంతా చూశాడు.

ఆ సాయంత్రం జనం పల్చబడ్డాక మావే వాళ్లిద్దర్నీ ముందూ వెనకా కాస్తూ స్టేషనుకి తీసుకెళ్లి విశాఖపట్నం రైలెక్కించాడు. వాళ్ల పెద్దలు వాళ్లని మరి మా ఊరు పంపలేదు. సామాన్లు తీసుకెళ్లడానికి వేరే మనుషులొచ్చారు. నాన్న ఆపలేదు. ఆపగలిగేవాడూ కాదు.

తాత కొన్నాళ్లపాటు మధ్యాహ్నం కాగానే గుమ్మం వంక చూసేవాడు. తర్వాత నన్ను పిలిచి వస్తువులు చూపించి పేర్లు చెప్పేవాడు. నాకు తెలియనట్టే నేర్చుకునేదాన్ని. ఆ చలికాలం దాటకుండానే పోయాడు. పాడె ముందు భాగం పట్టుకున్న వాళ్లలో మావ ఒకడు.

ఇప్పుడా ఇంటి చోట మూడంతస్తుల సెల్‌ఫోన్ల షాపు ఉంది. మావకి మోకాళ్ల నొప్పులు, కొడుకు షాపు చూసుకుంటున్నాడు. ఆ జాతర తర్వాత వీధి కుర్రాళ్లు చాలాకాలం అతనితో మాట్లాడలేదని అమ్మ చెబితే తెలిసింది. మావ మాత్రం ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

సంత నుంచి వచ్చిన ఆ రాత్రి ఫోన్ చేసి అడిగాను. "మావా, ఆ రోజు ఆళ్లని ఎందుకుండనిచ్చావు?"

టీవీ చప్పుడు తగ్గించిన అలికిడి వినిపించింది.

"ఆళ్ల మతం నాకు అప్పుడూ నచ్చనేదు, ఇప్పుడూ నచ్చదు. అది నిజమే సెప్తన్నాను," అన్నాడు. "కానీ ఓలే... మీ తాత సెయ్యెత్తి పట్టుకోవాల్సినోన్ని నాను. మెట్ల మీద నిలబడి సూస్తన్నాను. ఆడు పట్టుకున్నాడు."

ఇంకేమైనా అంటాడేమోనని ఎదురుచూశాను. మావ టీవీ చప్పుడు మళ్లీ పెంచలేదు. నేనూ ఫోన్ పెట్టేయలేదు.